నీలం లారీ ఆయన

సాయంత్రం ఆరు కాకముందే సీతారాములు ఇంట్ల ఉన్నడు. నిన్న అంతే, మొన్న అంతే. బడి పంతులోలె వేళకు వచ్చి, మోటరుసైకిలుకు స్టాండు వేసి, కంపెనీ చొక్కా కొక్కానికి తగిలించి, గోలెం కాడ కాళ్లు కడుక్కున్నడు. రామక్క చాయ ఇచ్చింది. తాగిండు. గ్లాసు కింద పెట్టి మంచం మీద ఒరిగిండు.

"రోడ్డు మీద ఏంది ముచ్చట?" అన్నది రామక్క, చేటల బియ్యం ఏరుకుంటనే.

"ఏముంటది? మామూలే."

అయిపోయింది. ఇగ రేపు పొద్దుగాల డ్యూటీకి పోయేదాక ఆ నోటి నుంచి అన్నం పెట్టు, చాలు, ఫ్యాను వెయ్యి, ఇంతకు మించి రాదు. కంపెనీ తన మొగుణ్ణి తెచ్చి ఇంట్ల అయితే పెట్టింది గాని, నోరు మాత్రం ఏడనో జమ చేసుకున్నదని రామక్క అనుమానం.

ఈ మాట బయట అంటే నవ్వుతరు. భోపాల్‌పట్నంల ఆ వాడకట్టు ఆడోళ్లంత రామక్కను చూసి కుళ్లుకుంటున్నరు. డ్రైవరు పెండ్లామై ఉండి రోజూ మొగునికి వేడన్నం పెట్టుకునే భాగ్యం ఎవరికున్నది? ఇదివరకు వరంగల్‌ల స్టీరింగు పట్టినోడు రాయపూర్ల దించి, లోడు దొరికేదాక అక్కడనే బండి కింద పండి, ఎప్పటికో ఇల్లు చేరేది. ఇప్పుడు బండి ఆగదు, మనిషి మారుతడు. తెలంగాణ దిక్కు నుంచి వచ్చిన కంటైనరును డిపోల ఒకడు దిగి ఇంకొకడు ఎక్కుతడు. సీతారాములు దాన్ని గీదం దాక తోలి అక్కడి డ్రైవరు చేతుల పెట్టి, అటు నుంచి వచ్చిన ఇంకో బండి ఎక్కి మాపటికి మర్లొస్తడు. సరుకు పంపినోడు రాయపూర్ల కూసోని ఫోన్ల చూసుకుంటడు, తన మాలు ఏ ఊరు దాటిందో. జీతం తారీఖుకు పడుతది. నడుం నొప్పి తగ్గింది. ఇన్ని మంచిగున్నయి, కాదనడానికి రామక్క నోరు రాదు.

కాని ఆమెకు కావాల్సిన మనిషి ఇతను కాదు. ఆమెకు కావాల్సినోడు ఫోన్ల ఉండేటోడు.

ఇదివరకటి యజమాని సేటు చక్రధరరావు కాడ నీలం లారీ తోలిన ఏండ్లన్ని సీతారాములు స్టీరింగు ముందట కూసుంటె చాలు, మాటలు ఊట ఊరినట్టు ఊరేవి. చెవుల తీగ పెట్టుకొని ఇంటికి ఫోను కలిపేది. రామక్క ఫోనును చెవికీ భుజానికీ నడుమ ఇరికించుకొని అన్నం వార్చేది, ఇల్లు అలికేది, చింతపండు గింజ తీసేది. "ఇప్పుడు కేశకాల్ ఘాటు ఎక్కుతున్ననే. ముందట సిమెంటు బండోడు పాకుతున్నడు. వాడి వెనుక తలుపు మీద ఏం రాసుకున్నడో చెప్పనా, నీకు సిగ్గయితది." అట్ల పొద్దుగూకేదాక. దేవతల ముచ్చట, దాబాల పప్పు ముచ్చట, అడ్డమొచ్చిన ఎలుగుబంటి ముచ్చట. వాళ్ల బిడ్డ దీప నర్సు ట్రైనింగుకు జగదల్‌పూర్ పోవాల్నా వద్దా అన్నది కూడ ఆ ఇద్దరు ఫోన్లనే తేల్చుకున్నరు. ఎదురెదురుగ కూసుంటె ఆ మనిషికి ఆడపిల్లకున్నంత సిగ్గు. కండ్లు రోడ్డు మీద ఉంటేనే మనసుల మాట బయటికొచ్చేది.

ఇప్పుడు క్యాబిన్ల కెమెరా ఉన్నది. ఫోను చెవి కాడికి పోతే కూత పెడుతది. మొదటి వారం సీతారాములు తెలువక ఫోను చేసిండు. "ఏమే, మద్దేడ్ ఇవతలికొచ్చిన..." అన్నడో లేదో, ఎవరో ఆడామె హిందీల గద్దించింది, ధ్యాస రోడ్డు మీద పెట్టుమని. ఫోను కట్టయింది. "ఎవరది?" అని రామక్క మాపటికి అడిగితే, "బండి" అన్నడు. ఆ బండి ఆడగొంతుతోని రోజంత తన మొగునితోని మాట్లాడుకుంట పోతున్నదంటే రామక్కకు నిజంగనే కడుపు మండింది. ఉత్త మిషినని తెలుసు. తెలిసినా మండింది.

బియ్యం ఏరడం అయింది. మంచం దిక్కు చూసింది. సీతారాములు కండ్లు తెరుచుకొనే ఉన్నడు, పైకప్పు రేకులు చూస్తున్నడు.

"హుంగే కనబడ్డదా?" అన్నది ఊరికెనే. మద్దేడ్ ఇవతల రోడ్డు కింద వాగు నీళ్లు పోయే మోరీ కాడ అంగడి రోజున గంప పట్టుకొని నిలబడే దోర్ల తెగ ఆమె హుంగే. సీతారాములు ఆ దారిన పోయినప్పుడల్ల ఆమెను ఎక్కించుకొని అంగట్ల దించేది. ఆమె రూపాయి ఇయ్యదు, ఆయన అడుగడు. తునికిపండ్లో మొర్రిపండ్లో సీటు మీద పెట్టి దిగేది. రామక్క ఆమెను కండ్లతోని చూసింది లేదు గాని, ఆమె కోడిపిల్లలు ఎన్ని బతికినయో కూడ ఎరుకే.

"బాగనే ఉన్నది," అన్నడు సీతారాములు, గోడ దిక్కు తిరిగి.

తెల్లారి పొద్దెక్కినంక డిపో సూపర్వైజరు ఉపేంద్ర వచ్చిండు. ఈ ఊరి పిలగాడే, సీతారాములును కాక అంటడు. రామక్క అరుగు మీద చింతపండు పరుచుకొని, బండ మీద పెట్టి కర్రతోని కొట్టి గింజ రాలగొడుతున్నది.

"చిన్నమ్మా, కాకకు ఈ నెల ఫస్టు నంబరు వచ్చింది."

"ఏం చేసిండని?"

"ఏం చెయ్యలే. అందుకే వచ్చింది. ఫోను మాట్లాడలే, నడిమిట్ల ఎక్కడ ఆపలే, ఎవర్ని ఎక్కించుకోలే, గట్టిగ బ్రేకు కొట్టలే, ఆవులించలే."

"ఆవులిస్తె కూడ లెక్కనా?"

"నిద్రొస్తున్నదని తెలుస్తది గద. మొన్న మన కుర్రోడొకడు ఆ కూతకే తెప్పరిల్లిండు, లేకపోతే చెరువుల పడేది." ఉపేంద్ర చెడ్డోడు కాదు. చెప్పేటప్పుడు వాని మొఖం నిజంగ వెలిగింది. అరుగు చివరన కూసోని ఫోను తీసి చూపెట్టిండు. తెల్లటి పటం మీద నీలం గీత, గీత మీద చిన్న చుక్క. "ఇగో, కాక. మద్దేడ్ దాటి బీజాపూర్ దిక్కు పోతున్నడు."

రామక్క చింతపండు చేతులు కొంగుకు తుడుచుకొని వంగి చూసింది. చుక్క మెల్లగ జరిగింది. తన మొగుడే. ఇంత పొద్దున ఆయన ఎక్కడున్నడో ఆమెకు ఎన్నడు ఇంత కచ్చితంగ తెలువలేదు, అయినా ఏం తెలిసినట్టు అనిపించలేదు.

"ఏడ పోతున్నడో దీంట్ల దొరుకుతున్నది. ఏం చూసుకుంట పోతున్నడో దొరుకుతదా?"

ఉపేంద్ర నవ్విండు. వచ్చిన పని చెప్పిండు. ఫస్టు నంబరు డ్రైవరు భార్యతోని చిన్న వీడియో తీసి పంపుమన్నరట పైనుంచి. కొత్త పద్ధతుల డ్రైవరు రోజూ ఇంటికొస్తున్నడు, మేం సుఖంగ ఉన్నం అని హిందీల రెండు మాటలు చెప్తే చాలు. మిగతా డ్రైవర్ల ఇండ్లల్ల చూసి ధైర్యం తెచ్చుకుంటరు.

"చెప్త. ఒక్కటి మాత్రం," అన్నది రామక్క. "నన్ను బండిల కూసోపెట్టి తియ్యాలె. ఆయన పక్కన. ఆయన స్టీరింగు కాడ."

"నడిచే బండిల బయటోళ్లు ఎక్కొద్దు చిన్నమ్మా."

"నిలబడ్డదాంట్లనే. ఇంజను మాత్రం నడుస్తుండాలె."

ఎందుకని ఉపేంద్ర అడగలేదు. ఏసీ కోసమనుకున్నడు కావచ్చు. సరే అని లేచి పోయిండు. రామక్క మళ్ల కర్ర అందుకున్నది గాని దెబ్బ గింజ మీద పడలేదు, వేలు మీద పడ్డది. ఇన్నేండ్లల్ల నీలం లారీ ఎన్నడు ఎక్కలేదామె. దాన్ని సేటు తుక్కుకు అమ్ముకున్నడు. క్యాబిను కోసి ఇంకో లారీ మీద వేసుకపోయిన్రు. ఆ దినం సీతారాములు అన్నం ముట్టలేదు.

డిపో ఊరి బయట, తాలూకా ఆఫీసు దాటినంక. ఎత్తు రేకుల షెడ్డు, సిమెంటు నేల, వరుసగ తెల్ల బండ్లు. ఏది ఏదో గుర్తుపట్టేటట్టు లేదు. నిమ్మకాయలు లేవు, నల్లదారం లేదు, తలుపు మీద రాతలు లేవు. శుక్రవారం డ్యూటీ దిగినంక సీతారాములు ఒక బండి తలుపు తెరిచి రామక్కకు చెయ్యిచ్చి ఎక్కించిండు. పట్టు చీర కట్టుకొని ఎక్కుడు అయ్యేపని కాదు, మోకాళ్ల దాక ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది. డిపో పిల్లలు అటు తిరిగి నవ్విన్రు.

లోపట ఆస్పత్రి వాసన. సీటు మీద కాగితం తొడుగు. ఎవరి వస్తువు లేదు, దేవుని పటం కూడ లేదు. ఎదురుగ అద్దం పైన చిన్న నల్లటి డబ్బా, దాంట్ల ఎర్ర చుక్క.

"ఇదేనా ఆమె?" అన్నది రామక్క.

సీతారాములు పెదవి కొస నవ్వింది.

కింద ఉపేంద్ర ఫోనును కర్రకు బిగిస్తున్నడు, ఎండ అద్దం మీద పడి మెరుస్తున్నదని జాగ మారుస్తున్నడు. సీతారాములు తాళం తిప్పిండు. ఇంజను సన్నగ మోగింది. ఆయన రెండు చేతులు స్టీరింగు మీదికి వాటంతట అవే పోయినయి. వీపు నిటారయింది. కండ్లు అద్దంల నుంచి ముందటికి, ప్రహరీ గోడ మీదికి పోయినయి. గోడ తప్ప ఏమి లేదక్కడ. రామక్క కదలకుంట కూసున్నది. పిచ్చుక వాలినప్పుడు చిన్నపిల్లలు కూసున్నట్టు.

"మొన్న అబద్ధం చెప్పిన," అన్నడు సీతారాములు, గోడను చూస్తనే.

"ఏంది?"

"హుంగే బాగనే ఉన్నదన్న గద. ఏమో, నాకు తెలువది. నేను ఆపుతలేను గద. మొదట రెండు మూడు అంగళ్లు ఆమె అక్కడనే నిలబడి ఉండేది, గంప పెట్టుకొని. నేను చెయ్యి ఊపిన, ఈ డబ్బా కూత పెట్టింది. ఆపితే వీళ్లకు తెలుస్తది. ఎక్కించుకుంటే నౌకరి పోతది. నేనేం చెయ్యాలె? బండిని కొంచెం మెల్లగ చేసిన, అంతే. ఆమె నా దిక్కు చూసింది. చూసి మొఖం తిప్పుకున్నది."

రామక్క ఊఁ కొట్టలేదు. కొడితే ఆగిపోతడేమోనని భయం.

"ఇప్పుడైతే నేనొచ్చే వేళకు రోడ్డుకు వీపు పెట్టి కూసుంటున్నది. కావాల్నని. అవతలి దిక్కు తిరిగి, తలకాయ వంచుకొని. నా బండిల ఎక్కి అంగడికి పోయిన మనిషి. పోయిన ఏడాది ఆమె కొడుకుకు జరమొచ్చినప్పుడు ఈ సీటు మీదనే, అంటే ఆ సీటు మీద, ఏడుసుకుంట కూసున్నది. నేను పెద్దోణ్ణి అయిపోయిననుకున్నది. కొత్త బండి ఎక్కి కండ్లు నెత్తికెక్కినయనుకున్నది. రోజూ ఆ మోరీ దాటాలె. రాంగ దాటాలె, పోంగ దాటాలె. ఇంటికొచ్చి ఏం ముచ్చట చెప్పమంటవ్? రోడ్డు మీద ఏం చూసినా దీని తర్వాతనే గద."

"సెలవు రోజు పోయి చెప్పిరారాదు?"

"ఏమని? నిన్ను ఎక్కించుకోనని చెప్పటానికి అంత దూరం పోవాల్నా? ఏ మొఖం పెట్టుకొని పోవాలె? అయినా ఆమె ఊరు ఏడనో లోపల, అడవిల నడిచిపోవాలె. నాకు మోరీయే ఎరుక."

రామక్కకు ఆ గొంతు విన్నందుకు సంతోషపడాల్నో, అది మోసుకొచ్చిన మాటకు ఏడ్వాల్నో తెలువలేదు. ఇన్ని దినాలు ఈ మనిషి తన మీద మనసు విరిగి మాట్లాడుతలేడేమోనని లోపల లోపల కుమిలింది. అది కాదు. అది కానందుకు ముందు ఊపిరి తీసుకున్నది, వెంటనే తన మీద తనకు సిగ్గయింది.

"చిన్నమ్మా, రెడీ," అని కింది నుంచి ఉపేంద్ర చెయ్యి లేపిండు.

రామక్క కొంగు సర్దుకొని కెమెరా దిక్కు చూసి, నేర్చుకున్నట్టే హిందీల చెప్పింది. నా భర్త ఇప్పుడు రోజూ ఇంటికొస్తున్నడు, నేను చాల సుఖంగ ఉన్న. అబద్ధమేం కాదు, నిజం కూడ కాదు. ఉపేంద్ర బొటనవేలు చూపెట్టిండు. సీతారాములు తాళం తిప్పి ఇంజను ఆపిండు. దాంతోని మాట కూడ ఆగిపోయింది. ఇంటికి పోయేటప్పుడు మోటరుసైకిలు మీద ఆయన వీపుకు చెంప ఆనించుకొని కూసున్నది రామక్క.

మద్దేడ్ అంగడి రోజు, సీతారాములు డ్యూటీకి పోయినంక, రామక్క ఇంటికి తాళం వేసి బస్సెక్కింది. మొగునికి చెప్పలేదు. చెప్తే వద్దంటడు. కిటికీ కాడ సీటు దొరికింది. మోరీ వచ్చినప్పుడు తల బయటికి పెట్టి చూసింది గాని అప్పటికే అక్కడ ఎవరు లేరు. ఇటు చెట్లు, అటు చెట్లు, అడవిలకు పోయే కాలిదోవ.

అంగట్ల దోర్ల ఆడోళ్లు వరుసగ కూసున్నరు, ముందట ఆకుల మీద ఇప్పపువ్వు, చింతపండు, చీపుర్లు. రామక్కకు దోర్లీ మాట వచ్చు, పుట్టిల్లు ఆ దిక్కే. హుంగే ఏడ అని అడిగింది. ముగ్గురు హుంగేలు దొరికిన్రు. ఒకామె మరీ చిన్నది, సంకల పిల్ల. ఇంకొకామె ఎన్నడు లారీ ఎక్కలేదట, లారీ అంటేనే కడుపుల తిప్పుతదట. మూడో ఆమె ఇప్పపువ్వు కుప్ప ముందట గొంతు కూసోని ఉన్నది, నుదుటి మీద పచ్చబొట్టు, ఎడమ చెవి తమ్మె తెగి ఉన్నది. చెవి తెగిన ముచ్చట రామక్క ఫోన్ల విని ఉన్నది. మేక గుంజిందట.

"మోరీ కాడ లారీ ఎక్కేది నువ్వేనా? నీలం లారీ?" అన్నది రామక్క. "నేను ఆ డ్రైవరు పెండ్లాన్ని."

హుంగే చేతుల కొలత డబ్బా కింద పెట్టింది. లేచి నిలబడ్డది. రామక్కవి రెండు చేతులు పట్టుకొని, ఆమె భుజం మీద తల ఆనించి, రాగం తీసి ఏడ్వ మొదలు పెట్టింది. అంగడి అంగడంత ఇటు తిరిగింది. పక్కన కూసున్న ఆడోళ్లు కూడ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నరు. పొద్దున డ్యూటీకి పోయిన మనిషికి దారిల ఏమన్న అయిందా, తనకంటె ముందు వీళ్లకు తెలిసిందా అని భయపడ్డది రామక్క.

ఏడ్చి ఏడ్చి హుంగే తల ఎత్తింది. కండ్లు తుడుచుకొని రామక్క చేతుల దిక్కు చూసింది. గాజులను వేలితోని ముట్టి చూసింది. నుదుటి బొట్టు చూసింది.

"గాజులున్నయే," అన్నది. "ఇంకొకణ్ణి చేసుకున్నవా? మంచిదే. ఒక్కదానివి ఎట్ల ఉంటవ్."

"ఇంకొకడేంది? ఆయనే. బతికే ఉన్నడు."

"ఎవరు?"

"నీలం లారీ ఆయన."

హుంగే ఆమెను వదిలి ఇప్పపువ్వు కుప్ప పక్కన చతికిలబడ్డది. తర్వాత చెప్పింది. ఎండలు ముదిరిన నాడు ఆమె మోరీ కాడ నీలం లారీ కోసం నిలబడి ఉన్నదట. నీలం లారీ రాలేదు. పెద్ద లారీ వచ్చింది, దాని మీద నీలం లారీ మూతి ఉన్నది. ఉత్త మూతే. అద్దాల్లేవు, తలుపుల్లేవు, మెడకాయ కోసినట్టు కోసి ఉన్నది. ముందటి నుదురు మీది సూర్యుని బొమ్మ ఆమెకు ఎరుకే. ఏ చెట్టుకో గుద్దితేనే గద బండి అట్లయ్యేది. లోపట మనిషి ఎట్ల బతుకుతడు? ఆ తర్వాత ఎన్ని అంగళ్లు నిలబడ్డా అన్ని తెల్ల బండ్లే. ఒక్కటి ఆగదు.

"తెల్ల బండ్లల్లనే ఒకదాంట్ల ఉంటడు. నిన్ను చూసి చెయ్యి ఊపిండట."

"నేను తెల్ల బండ్లను చూడ," అన్నది హుంగే. "చూసి ఏం లాభం? వాటి అద్దం మీద ఎండ తప్ప ఏం కనబడదు."

"మరి రోడ్డుకు వీపు పెట్టి కూసుంటవట?"

హుంగే మిగిలిన ఇప్పపువ్వును గంపకెత్తి, పా అన్నది.

ఇద్దరు జీపెక్కి మోరీ కాడ దిగిన్రు. పొద్దు వాలుతున్నది. రోడ్డు దిగి, మోరీ పక్కన తునికిచెట్టు మొదట్ల గడ్డి పక్కకు జరిపింది హుంగే. మోకాలెత్తు రాయి. నిలబెట్టి, చుట్టూ చిన్న రాళ్లు పేర్చి ఉన్నది. బట్టలకు పెట్టే నీలిమందు కలిపి పూసినట్టున్నది, వానకు కొంత కారి పోయింది. ముందట ఎండిపోయిన ఆకు దొప్పలు, ఒకదాంట్ల ఒకటి.

దోర్లోళ్లల్ల పోయినోళ్ల పేర రాయి నిలబెడతరని రామక్కకు తెలుసు. రోడ్డు పొడుగునా అట్లాంటివి చూసింది. తన మొగుని రాయి చూస్తననుకోలేదు. ముట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నది.

"వాళ్లోళ్లకు దూరంల ఉన్నడు, ఈ దారిల పోయిండు, ఈడ ఎవరు పెడతరు అనుకున్న," అన్నది హుంగే. "మా కొడుకు మోసుకొచ్చిండు. అంగడికి పోయేటప్పుడు ఇంత సారా పోసి పోత."

"తీసెయ్యి. బతికున్న మనిషికి ఇదేంది?"

"పెట్టిన రాయి పీకొద్దు. పీకితే ఆయనకే కీడు. ఉండనీ." హుంగే మొదటిసారి నవ్వింది, పండ్లన్ని కనబడంగ. "ఎప్పటికైనా పనికొచ్చేదే గద."

రామక్కకు కూడ నవ్వొచ్చింది, నవ్వు మధ్యల కండ్లల్ల నీళ్లొచ్చినయి. హుంగే గంపల నుంచి సొరబుర్ర తీసింది, కొత్త ఆకు దొప్ప కుట్టి రామక్క చేతుల పెట్టింది. ఇంటామె వచ్చినప్పుడు మొదటిది ఇంటామెనే పొయ్యాలట. రామక్క పొయ్యలేదు.

"సచ్చినోళ్లకు పోస్తం," అన్నది హుంగే. "కనబడకుంట పోయినోళ్లకు పొయ్యొద్దని ఎవరన్నరు?"

ఆ మాటకు రామక్క లోపట ఏదో పట్టు సడలింది. ఈ ఆడామె, మాట రాని ఈ రాయి ముందట, అంగడి అంగడికి తన మొగునితోని మాట్లాడింది. ఇంట్ల ఉన్న మనిషి ముందట కూసోని తాను చేసింది కూడ అదే. ఇద్దరు రాయి ముందట పక్కపక్కన గొంతు కూసున్నరు. రామక్క తల వంచి దొప్పల సారా మెల్లగ పోసింది. ఇంటికొస్తున్నవు గాని నాకాడికి రా, అన్నది మనసుల. వెనుక రోడ్డు మీద నుంచి పెద్ద బండి పోయిన గాలి ఇద్దరి వీపులకు తగిలి కొంగులు లేచినయి.

రామక్క బస్సు దిగి ఇంటికొచ్చే వరకు దీపాలు పెట్టే వేళయింది. సీతారాములు అరుగు మీద కూసోని ఉన్నడు, కంపెనీ చొక్కా విడువలేదు, కాళ్లు కడుక్కోలేదు. తాళంచెవి పక్కింట్ల ఇచ్చి పోయింది, అది తెచ్చుకున్నడు గాని లోపటికి పోలేదు. ఆమెను చూసి లేచిండు.

"ఎటు పోయినవ్?"

"మద్దేడ్ అంగడికి."

సంచి కిందపెట్టి, ఆయన చేతుల చెవి అందుకొని ఆమె తాళం తీస్తుంటే, ఆయన ఇంకా అరుగు మీదనే నిలబడి వాకిట్లకు చూస్తున్నడు. ఇంజను లేదు, స్టీరింగు లేదు. కొద్దిసేపటికి తనంతట తానే అన్నడు.

"ఇయ్యాల ఒక్కతి కాదు. హుంగే పక్కన ఇంకొకామె ఉన్నది. ఎవతెనో తోడు తెచ్చుకున్నది. ఇద్దరు కలిసి నాకు వీపు పెట్టి కూసున్నరు."

రామక్క చెయ్యి తాళం మీదనే ఆగింది.

"ఆ రెండో దాన్ని నేనే," అన్నది.

సీతారాములు తిరిగి చూసిండు. చీటికిమాటికి సిగ్గుపడి పక్కకు తిరిగే మనిషి, ఈసారి తిరగలేదు.

"అది మొఖం తిప్పుడు కాదయ్యా. నువ్వు సచ్చిపోయినవనుకున్నది. నీలం లారీ మూతి కోసి తీసుకపోతుంటే చూసింది. నీకు రాయి నిలబెట్టింది మోరీ కాడ, తునికిచెట్టు కింద. నువ్వు దాటినప్పుడల్ల నీకే మొక్కుకుంట కూసున్నది. ఇయ్యాల నేను కూడ పోసిన, ఇంత."

ఆయన గోడ పట్టుకొని మెల్లగ అరుగు మీద కూసున్నడు. తన చేతుల దిక్కు చూసుకున్నడు, అటూ ఇటూ తిప్పి, ఎవరివో అన్నట్టు.

"నాకా?"

"నీకే. బతికున్నవని చెప్పినా తియ్యనన్నది. ఇగ మీదట తెల్ల బండి ఏది పోయినా చెయ్యి ఎత్తుతదట. నువ్వు ఏదాంట్ల ఉంటవో తెలువది గద. అన్నిటికి ఎత్తుతదట."

సీతారాములు మొఖం అటు తిప్పుకున్నడు. భుజాలు కదిలినయి. రామక్క పక్కన వచ్చి కూసున్నది. పక్కింటోళ్ల కోళ్లు గూటికెక్కుతున్నయి. పొయ్యి ముట్టియ్యాలె, నీళ్లు పట్టాలె, ఎవరు లేవలేదు.

ఆయన మొఖం తుడుచుకొని, చెప్పులు విడిచి, కాళ్లు అరుగు మీదికి ముడుచుకొని ఆమె దిక్కు తిరిగి కూసున్నడు.

"మొదలుకెల్లి చెప్పు," అన్నడు. "బస్సెక్కిన కాడినుంచి."